పెట్రోలు గన్ను, పోచంపాడు పవర్‌హౌసు

పోచంపాడు పవర్‌హౌసు సంగతి మా బాల్కొండ చుట్టుపక్కల పిల్లలకు కొత్తేమీ కాదు. శ్రీరాంసాగర్ దగ్గర, కాకతీయ కాలువ మొదట్లో ఉంటుంది. తొమ్మిది మెగావాట్ల యంత్రాలు నాలుగు. అన్నీ తిరిగితే 36 మెగావాట్లు. కాలువకు నీళ్లు వదిలినప్పుడే వాటికి పని.

ఇప్పుడు అక్కడి నుంచి 44వ నంబరు రోడ్డెక్కి ఏదో ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగుదాం. గన్ను ట్యాంకులో పెట్టి నొక్కితే నిమిషానికి ముప్పై అయిదు లీటర్ల దాకా పోస్తుంది. లీటరు పెట్రోలులో ఉన్న శక్తిని కరెంటు మీటరు లెక్కలో చెప్పాలంటే సుమారు తొమ్మిది యూనిట్లు. అంటే ఆ గన్ను నిమిషానికి మూడు వందల పదిహేను యూనిట్లు పోస్తోందన్నమాట. పవర్‌హౌసులో నాలుగు యంత్రాలూ పూర్తిగా తిరిగితే నిమిషానికి వచ్చేది ఆరు వందల యూనిట్లు. రెండు గన్లు ఒక్కసారి నొక్కితే చాలు, పోచంపాడు పవర్‌హౌసు వెనకబడిపోతుంది!

ఈ లెక్క చెబితే తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు నమ్మలేదు. "ఏందో తప్పింది తాతా, మళ్లొకసారి చెయ్యి" అంది. కాగితం దాని చేతికే ఇచ్చాను. నాలుగుసార్లు గీసి, కొట్టేసి, చివరికి "నిజమే గదా!" అని నోరు తెరిచింది. నిజమే మరి. బంకులో పిల్లగాడు ఒక చేత్తో గన్ను, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఇంత పని చేస్తున్నాడని మనకెప్పుడూ తోచదు.

ఈ ముచ్చట ఎందుకొచ్చిందంటే, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా పెద్ద మనవడు కరెంటు కారు కొంటానంటున్నాడు. రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి కరెంటు బండ్లకు రోడ్డు ట్యాక్సు లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు, 2026 డిసెంబరు ఆఖరు దాకా ఆ మాఫీ ఉంది, ఇప్పుడు కొనకపోతే ఎప్పుడు కొంటాం అని వాడి వాదన. వాళ్ల నాయన మాత్రం "మధ్యల ఆగిపోతే ఎడ్లు కట్టి గుంజుకొస్తవా?" అని ఒకే మాట మీద ఉన్నాడు. ఇద్దరి మధ్యా నన్ను కూర్చోబెట్టారు.

నిజానికి ఈ తగువు నూటపాతికేళ్ల నాటిది. గంటకు వంద కిలోమీటర్ల వేగం మొట్టమొదట దాటిన కారు పెట్రోలుది కాదు. 1899లో బెల్జియం దేశపు జెనాట్జీ అనే ఆయన నడిపిన కరెంటు బండి అది. ఆ రోజుల్లో అమెరికా పట్టణాల్లో కరెంటు కార్లు బాగానే తిరిగేవి. పెట్రోలు కారుకు ముందు హ్యాండిల్ దూర్చి తిప్పాలి, అది వెనక్కి తంతే చెయ్యి విరిగేది. 1912లో క్యాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టర్ పెట్టారు. ఆ స్టార్టర్ ఏమిటి? చిన్న కరెంటు మోటారు, దానికో బ్యాటరీ! కరెంటు కారు ఓడిపోవడానికి సాయం చేసింది కరెంటు మోటారే. నాకు ఈ సంగతి ఎప్పుడు తలచుకున్నా నవ్వొస్తుంది.

సరే, లెక్కలోకి వద్దాం. గన్ను నిమిషానికి ముప్పై అయిదు లీటర్లు, కారు లీటరుకు పదిహేను కిలోమీటర్లు. ఒక్క నిమిషం పోస్తే అయిదు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి ట్యాంకులో పడ్డట్టే. హైవే హోటళ్ల దగ్గర పెడుతున్న ఫాస్ట్ ఛార్జరు అరవై కిలోవాట్లది అనుకోండి, అది నిమిషానికి ఒక యూనిట్ ఇస్తుంది. కారు యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు పోతుంది. కనుక నిమిషానికి ఆరు కిలోమీటర్లు. ఇంట్లో లావు పిన్నుల ప్లగ్గు ఉంటుందే, గీజరుకు పెట్టేది, అందులో మూడు కిలోవాట్లు తీసుకోవచ్చు. నిమిషానికి మూడు వందల మీటర్లు. మా ఇంటి నుంచి చౌరస్తా దాకా కూడా రాదు!

ఇక్కడితో ఆగితే మా కొడుకే గెలిచాడు. కానీ పెట్రోలు ఇంజను సంగతి కూడా చెప్పుకోవాలి. లీటరులో తొమ్మిది యూనిట్లున్నా, అందులో చక్రాల దాకా చేరేది నాలుగో వంతు ఉంటే గొప్ప. మిగతాదంతా రేడియేటరు వేడి, సైలెన్సరు పొగ. 2020లో వచ్చిన మొదటి నెక్సాన్ కరెంటు కారు బ్యాటరీలో పట్టేది 30.2 యూనిట్లు. అంటే మూడున్నర లీటర్ల పెట్రోలుకు కూడా సరిగ్గా సరిపోదు. ఆ మూడున్నర లీటర్లతో పెట్రోలు కారు యాభై కిలోమీటర్లు పోతే, ఈ కారు నూట ఎనభై పోతుంది. బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరై, పోయే శక్తిలో కొంత వెనక్కి బ్యాటరీలో వేస్తుంది. పెట్రోలు ఇంజను తాగిన పెట్రోలును వెనక్కి కక్కడం మీరెక్కడైనా చూశారా?

కాబట్టి నా లెక్కలో లోపం కారులో లేదు. కారు దాకా కరెంటు తెచ్చే తీగలో ఉంది.

ఇంటి ప్లగ్గులో మూడు కిలోవాట్లన్నాను గదా. మన బోరు బావి మీద అయిదు హార్స్‌పవర్ మోటారు శక్తి మూడు ముప్పావు కిలోవాట్లు. అంటే ఇంట్లో కారు ఛార్జింగుకు పెట్టడమంటే, వాకిట్లో ఒక బోరు మోటారు రాత్రంతా నడపడమే. ఈ మాట చెప్పగానే మా కొడుకు ముఖం మారింది. రైతుకు ట్రాన్స్‌ఫారం సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పాతిక కేవీఏ ట్రాన్స్‌ఫారం మీద ఎన్ని మోటార్లు ఎక్కితే ఫీజు ఎగురుతుందో, యాసంగి వరికి నీళ్లు పెట్టే రోజుల్లో వోల్టేజీ ఎట్లా పడుతుందో, కాలిపోయిన ట్రాన్స్‌ఫారాన్ని ట్రాక్టరు మీద వేసుకుని ఎంత తిరగాలో వాడికి నాకన్నా ఎక్కువ తెలుసు. ఒక వీధిలో పది ఇళ్ల వాళ్లు కార్లు కొని, చీకటి పడగానే అందరూ ప్లగ్గు పెడితే ముప్పై కిలోవాట్లు కొత్తగా పడ్డట్టు. ఆ వేళకే ఫ్యాన్లు, కూలర్లు, టీవీలు అన్నీ ఆన్ అయి ఉంటాయి. హైవే మీద ఒక్క అరవై కిలోవాట్ల ఛార్జరైతే పదహారు బోరు మోటార్ల పెట్టు. అటువంటివి నాలుగు పెట్టాలంటే హోటలాయన ముందు సొంత ట్రాన్స్‌ఫారం పెట్టుకోవాలి. కార్ల కంపెనీల ప్రకటనల్లో కొండలూ సముద్రాలూ కనబడతాయిగానీ ట్రాన్స్‌ఫారం ఒక్కటీ కనబడదు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. రాత్రి పదకొండు దాటాక ఛార్జింగు మొదలయ్యేట్టు టైమరు పెట్టుకుంటే వీధి మీద భారం పడదు. పొద్దున తొమ్మిది దాకా పది గంటలు పెడితే ముప్పై యూనిట్లు, నూట ఎనభై కిలోమీటర్లు. ఆర్మూర్ పోయి రావడానికి అందులో నాలుగో వంతు చాలు. నిజామాబాద్ పోయి వచ్చినా ఇంకా సగం మిగులుతుంది. ఇక్కడ ఊరివాడికి పట్నంవాడి కన్నా సుఖం ఎక్కువ. మనకు వాకిలి ఉంది, గోడకు ప్లగ్గు ఉంది. మా మనవడు ఉండేది అయిదో అంతస్తులో, కారు నిలిపేది కింద సెల్లారులో, అక్కడ ప్లగ్గు పెట్టుకోవడానికి అసోసియేషన్ వాళ్ల మీటింగులు ఇంకా తెగలేదు.

మరొక చిక్కుంది, ఇది మన రాష్ట్రానిదే. తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు రెండు వందల యూనిట్ల దాకా 2024 మార్చి నుంచి సున్నా బిల్లు. దాటితే మొత్తం బిల్లు కట్టాలి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారుకు నూట డెబ్బై యూనిట్లు కావాలి. కార్డున్నవాళ్లు కారెట్లా కొంటారని అడగకండి, పాత కారు చేతులు మారుతూ టాక్సీ నడుపుకునేవాడి దాకా వస్తుంది. స్కూటరుకు ఈ బాధ లేదు. యూనిట్‌కు ముప్పై కిలోమీటర్లు పోతుంది, నెలకు ఆరు వందలు తిరిగినా ఇరవై యూనిట్లు. అందుకే మన దగ్గర కరెంటు బండి అంటే ముందుగా స్కూటరు, ఆటో, ఆ తర్వాత బస్సు. కారు చివర్న. నిజామాబాద్ బస్టాండులో కరెంటు బస్సులు ఎక్కి చూసినవాళ్లుంటారు. డిపోలో వాటికి సొంత ఛార్జర్లు ఉంటాయి, పోయే దారి, వచ్చే వేళ అన్నీ ముందే తెలుసు. ఎవరి ఇంటి ముందూ తగువు లేదు.

ఇంకొక మాట. పొలం దగ్గర స్టార్టరు డబ్బాలోంచి వైరు లాగి స్కూటరుకు పెడదామని కొందరికి తోస్తుంది, అది ఉచిత కరెంటు గదా అని. అది సాగుకిచ్చిన కనెక్షన్, బండికి వాడితే నేరం. పైగా అక్కడ ఉండేది త్రీఫేజు. తప్పు తీగలు కలిపితే ఛార్జరు మసి.

ఇక దూరం పోవడం. బాల్కొండ నుంచి హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్ల దగ్గర. మొదటి నెక్సాన్‌కు పరీక్షలో వచ్చిన దూరం 312 అని రాశారు. మరి మధ్యలో ఆగకుండా పోవచ్చా? పెట్రోలు కారువాళ్లకు హైవే మీద మైలేజీ పెరుగుతుంది, ఊళ్లో తగ్గుతుంది. కరెంటు కారుకు తలకిందులు. ఊళ్లో బ్రేకు కొట్టినప్పుడల్లా కొంత వెనక్కొస్తుంది. హైవే మీద బ్రేకు పని ఉండదు, గాలితో పోరాటమే. ఆ గాలి అడ్డు వేగంతో పాటు రెట్టింపు కాదు, వేగానికి వర్గంలో పెరుగుతుంది. అరవై మీద పోయేవాడు తొంభై ఎక్కించాడంటే వేగం ఒకటిన్నర రెట్లు, గాలి అడ్డు రెండుంపావు రెట్లు. దానికి తోడు ఏసీ. అందుకే ముందు కామారెడ్డి దగ్గరో, మేడ్చల్ రాకముందో ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు పెద్ద బ్యాటరీల కార్లు వచ్చాయి, నలభై అయిదు యూనిట్లు పట్టేవి. వాటితో ఆగకుండా పోవచ్చు. పట్నంలో దిగాక ప్లగ్గు ఎక్కడుందో మాత్రం ముందే తెలుసుకుని బయల్దేరాలి.

ఛార్జరు దగ్గర ఆగినవాళ్లకు ఒక విచిత్రం కనబడుతుంది. ఎనభై శాతం దాకా గబగబా ఎక్కుతుంది, ఆ మిగిలిన ఇరవైకి ఇంచుమించు అంతసేపూ పడుతుంది. మన ఆర్మూర్ బస్సును తలచుకోండి. బస్సు ఖాళీగా ఉంటే ఎక్కినవాడెక్కినట్టు కూర్చుంటాడు. నిండుతున్నకొద్దీ సీటు కోసం లోపలి దాకా తోసుకుపోవాలి, డ్రైవరు కూడా ఆగాలి. లిథియం అయాన్లు గ్రాఫైటు పొరల మధ్య సీట్లు వెతుక్కునేది ఇట్లాగే. తొందరపెట్టి తోస్తే లోపల చోటు దొరకని లిథియం గ్రాఫైటు పైనే లోహంగా పేరుకుంటుంది. అది బ్యాటరీ ఆయుష్షుకు చేటు, ఒక్కోసారి ప్రాణానికి కూడా. కనుక కారే ఛార్జరు వేగం తగ్గించేస్తుంది. ఎనభైకి తీసేసి బయల్దేరినవాడు తెలివైనవాడు.

ప్రాణం మాట వచ్చింది గనుక చెప్పక తప్పదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్ పట్టణంలోనే, స్కూటరు బ్యాటరీ విప్పి ఇంట్లో ఛార్జింగుకు పెట్టి పడుకుంటే తెల్లవారుజామున అది పేలింది. ఎనభై ఏళ్ల పెద్దమనిషి ప్రాణం పోయింది. ఇంట్లోవాళ్లకు గాయాలయ్యాయి. ఆ ఎండాకాలం దేశంలో మరికొన్ని చోట్ల కూడా స్కూటర్లు తగలబడ్డాయి. ఒక సెల్‌లో లోపం వచ్చి వేడెక్కితే, ఆ వేడికి లోపలి రసాయనాలు విడిపోయి ఇంకా వేడి పుడుతుంది. అది పక్క సెల్‌కు అంటుకుంటుంది. నీళ్లు పోసినా ఒక పట్టాన ఆరదు, ఎందుకంటే మంటకు కావలసిన సరుకంతా లోపలే ఉంది. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీ నిబంధనలు కఠినం చేసింది. 2022 డిసెంబరులో కొన్ని, 2023 మార్చి ఆఖరు నుంచి మిగతావి అమల్లోకి వచ్చాయి. అయినా నేను మా ఇంట్లో చెప్పేది ఒకటే. పడుకునే గదిలో, మెట్ల కింద, తలుపుకు అడ్డంగా బ్యాటరీ ఛార్జింగు పెట్టొద్దు. ఎండలో నుంచి వచ్చిన బండిని అరగంట నీడన నిలిపాకే ప్లగ్గు పెట్టాలి. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలంటే ఆశ్చర్యమేమీ లేదు. వేడిలో బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది.

వేడికి తట్టుకునే రకం ఒకటుంది, ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ. బరువు కొంచెం ఎక్కువ, మంట భయం తక్కువ. దాని గురించి 1997లో అచ్చయిన పరిశోధన పత్రం మీద మూడు పేర్లున్నాయి. పాఢి, నంజుండస్వామి, గుడ్‌ఇనఫ్. మొదటి రెండు పేర్లూ చదవడానికి మనకు ఏ కష్టమూ లేదు గదా! మూడో ఆయనకు 2019లో, తొంభై ఏడేళ్ల వయసులో నోబెల్ వచ్చింది. ఆయనతో పాటు నోబెల్ పంచుకున్న విటింగ్‌హామ్ లిథియం బ్యాటరీ మీద తొలి పని చేసింది ఎక్కడనుకున్నారు? పెట్రోలు అమ్మే ఎక్సాన్ కంపెనీలో. ఇక మన తెలంగాణలో అమరరాజా వాళ్లు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో సెల్‌ల ఫ్యాక్టరీకి 2023 మే నెలలో పునాది వేశారు. మా ఊరి మీదుగా పోయే 44వ నంబరు రోడ్డే అటూ పోతుంది.

"కరెంటు కారుకు పొగ లేదు గద తాతా" అంది మనవరాలు. కారుకు లేదు, రామగుండం పవర్‌హౌసుకు ఉంది. మన తీగల్లో వచ్చే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. దేశం మొత్తం మీద సగటున యూనిట్‌కు సుమారు ఏడు వందల గ్రాముల కార్బన్ డయాక్సైడు. ఆరు కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు నూట పదిహేడు గ్రాములు. పెట్రోలు లీటరుకు రెండుంబావు కిలోల పైన, పదిహేను కిలోమీటర్లకు పంచితే నూట యాభై. తేడా ఉంది, కానీ మరీ చంకలు గుద్దుకునేంత లేదు. బొగ్గు తగ్గి సూర్యుడు పెరిగినకొద్దీ ఇదే కారు ఏటేటా శుభ్రమవుతుంది. పాత పెట్రోలు కారు ఏటేటా మురికవుతుంది. నాకు నచ్చే తేడా అది.

బోధన్ దిక్కు చెరకు వేసిన మా బావమరిది దీనికి ఒప్పుకోడు. "కరెంటు ఎందుకు, చెరకు నుంచి ఇథనాల్ తీసి పోసుకుందాం" అంటాడు. ఆయన బాధ వేరే. 1930ల ఆఖర్న నిజాం కట్టించిన చక్కెర ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలో పెద్దదని చెప్పుకున్న శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ, 2015 డిసెంబరులో మూతబడింది. ఇథనాల్ పేరుతోనైనా తెరుచుకుంటే బాగుండునని ఆ ప్రాంతం వాళ్లకు ఆశ. నాకూ ఉంది. కానీ లెక్క లెక్కే. ఎకరానికి ముప్పై టన్నుల చెరకు, టన్ను చెరకుకు డెబ్బై లీటర్ల ఇథనాల్ వేసుకుంటే ఏడాదికి రెండు వేల వంద లీటర్లు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే గనుక లీటరుకు పది కిలోమీటర్లు. మొత్తం ఇరవై ఒక్క వేల కిలోమీటర్లు. అదే ఎకరంలో సోలారు పలకలు పరిస్తే ఏడాదికి మూడు లక్షల యూనిట్ల పైన, కారు పద్దెనిమిది లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. ఎనభై రెట్ల పైన! ఎందుకంటే మొక్క తన మీద పడ్డ ఎండలో నూటికి ఒక పాలు దాచుకుంటే గొప్ప, అందులోనూ వేర్లకు, ఆకులకు, పిప్పికి పోను మనకు మిగిలేది కొంతే. పలక ఇరవై పాళ్లు పట్టుకుంటుంది.

పంట భూముల్లో పలకలు పెట్టమని నేను అనడం లేదు, ఆ మాట అంటే పసుపు రైతులు నన్ను ఊళ్లోకి రానివ్వరు. ఇంటి కప్పు చాలు. మూడు కిలోవాట్ల పలకలు రోజుకు పన్నెండు యూనిట్లు ఇస్తాయి, డెబ్బై కిలోమీటర్లు. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకంలో వాటికి డెబ్బై ఎనిమిది వేల దాకా సబ్సిడీ ఉంది. ఆఫీసు ఉద్యోగి కారు పగలంతా ఎక్కడో ఎండలో ఉంటుంది. రైతు కారు పగలంతా ఇంటి ముందు వేపచెట్టు కిందే ఉంటుంది, ఎండ కాసినంతసేపు దాన్ని నింపుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం నాకు జవాబు లేదు. ఆర్మూర్‌లో, పెర్కిట్‌లో, మా ఊళ్లో ఇంజన్లు విప్పి బిగించి బతుకుతున్న మెకానిక్కులు ఎందరో ఉన్నారు. దుబాయి, మస్కట్ గ్యారేజీల్లో చేసి తిరిగొచ్చి షెడ్డు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. కరెంటు కారులో ఆయిలు మార్చేది లేదు, క్లచ్ ప్లేటు లేదు, పిస్టను రింగులు లేవు. ఉన్న బ్యాటరీ మూడు నాలుగు వందల వోల్టులది, తెలియకుండా ముట్టుకుంటే మనిషి మిగలడు. ఈ పని వాళ్లకు ఎవరు నేర్పుతారు, ఎప్పుడు నేర్పుతారు? రోడ్డు ట్యాక్సు మాఫీ జీవోలు వచ్చినంత త్వరగా ఇది రావడం లేదు.

చివరికి మా ఇంట్లో తేలింది ఇది. ముందు కోడలికి స్కూటరు. మనవడి కారు సంగతి వాళ్ల అసోసియేషన్ ప్లగ్గు ఇచ్చాక. ఈలోపల నేను లైన్‌మన్‌ను పిలిచి మీటరు లోడు ఎంతుందో చూపించాను. రెండు కిలోవాట్లే ఉంది, అయిదుకు పెంచమని అర్జీ పెట్టాం. ఇంటికి ఎర్తింగ్ వైరు అయితే ఉంది, గుంటలో ఉప్పూ బొగ్గూ వేసి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. నీళ్లు పోసి చూస్తే పైపు తుప్పు పట్టి ఊడి వచ్చింది. ఆదివారం కొత్త గుంట తవ్వాలి. గడ్డపార పట్టడానికి మనవడిని రమ్మన్నాను.